జేబు సారు పగ

లింగమూర్తిని ఎదురుగా ఉన్నప్పుడు అందరూ "ప్రిన్సిపాల్ సాబ్" అనేవారు. ఆయన అటు తిరగగానే "జేబు సారు" అనేవారు. ఆ పేరు ఆయనకు తెలుసు. తెలిసీ కోప్పడలేదు, అదే వింత, ఎందుకంటే మిగతా అన్నిటికీ కోప్పడేవాడు. కరీంనగర్‌లో ఆ సాంకేతిక కళాశాల తెరిచిన మొదటి ఏడాదిలో ఆయన చేత తిట్లు తినని విద్యార్థి లేడు, అధ్యాపకుడు లేడు, గంట కొట్టే బంట్రోతు కూడా లేడు.

పేరు ఎలా వచ్చిందంటే, ఎలక్ట్రికల్ ల్యాబులో ఆయన పెట్టిన ఒక్క కట్టుబాటు వల్ల. తీగ మీద వేలు పెట్టేముందు ఎవరి బోర్డు ఫ్యూజు వాళ్లు పీకి సొంత చొక్కా జేబులో వేసుకోవాలి. బల్ల మీద పెట్టకూడదు. పక్కవాడికి ఇవ్వకూడదు. ఆయన చప్పుడు లేకుండా వెనక నుంచి వచ్చి "జేబు చూపించు" అనేవాడు. జేబులో పింగాణీ ఫ్యూజు లేకపోతే ఆ టర్ము గల్లంతే. ఒకసారి ఒక పెద్ద దొరగారి మనవడు ఫ్యూజును స్నేహితుడి చేతికిచ్చి పని మొదలుపెట్టాడు. సారు వాణ్ని అక్కడికక్కడే బయటికి పంపాడు. మర్నాడు దొరగారు స్వయంగా కారులో దిగి, కుర్చీ చూపించకపోయినా కూర్చుని, తన కుటుంబం గొప్పతనమంతా చెప్పుకున్నాడు. సారు అంతా విని, "మీ పిలగాడు బతికే ఉన్నడు గద, తీస్కపోండ్రి" అన్నాడు.

క్రమశిక్షణ అంటే ఆయనదే అని ఊరంతా మెచ్చుకునేది. ఊరికేం తెలుసు? అది పచ్చి పగ. పదిహేనేళ్లు కడుపులో పెట్టుకుని సాకిన పగ.

లింగమూర్తి సిరిసిల్లలో పద్మశాలి ఇంట్లో పుట్టాడు. తండ్రి బాలమల్లు మగ్గం మీదనే దగ్గి దగ్గి పోయాడు. అప్పటికి పెద్ద కొడుకు రాములుకు పదహారేళ్లు, చిన్నవాడైన లింగమూర్తికి ఏడు. తల్లి శంకరవ్వ కండెలకు నూలు చుట్టేది, రాములు నేసేవాడు. తమ్ముడి తలలో చదువు ఉందని, అది ఆ ఒక్క మగ్గం మీద నడిచేది కాదని తెలిశాక రాములు మగ్గం దిగి, గోదావరి దాటి, మంచిర్యాల దగ్గర ఒక సేటు నడిపే, పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగు మిల్లులో కూలికి చేరాడు. ఆ మిల్లుకు సొంత పవర్‌హౌసు ఉండేది. చేతి నేర్పు ఉన్నవాడు కదా, నాలుగేళ్లు తిరిగేసరికి వైర్‌మన్ అయ్యాడు.

అక్కడే ఆదిలాబాదు మరాఠీ కూలీలతో స్నేహమై, ఒక ఏడు వాళ్లతోపాటు పండరిపురం నడిచివెళ్లి మెడలో తులసిమాల వేయించుకుని వచ్చాడు. మాల వేసుకున్నవాడు కల్లు ముట్టడు. కల్లు లేనిదే పెళ్లీ జరగదు, చావూ జరగదనే మా సీమలో అది చిన్న సంగతి కాదు. మేనమామ లచ్చయ్య వెక్కిరించేవాడు. "ఏంరా అల్లుడూ, మొగోడివి గాదా ఏంది, ముంత ముట్టవు?" రాములు నవ్వి ఊరుకునేవాడు. తమ్ముడు మెట్రిక్ పాసైతే తప్ప పెళ్లి చేసుకోనని కూడా ఒట్టు పెట్టుకున్నాడు.

రజాకార్ల గోల అణిగి, హైదరాబాదు రాజ్యం ఇండియాలో కలిసి ఏడాది దాటింది. దూది దండిగా దిగే రోజులు. లింగమూర్తి కరీంనగర్‌లో మెట్రిక్ చదువుతున్నాడు. మీ అన్నకు కరెంటు కొట్టిందని మిల్లు మనిషి వచ్చి చెప్పాడు. శంకరవ్వ, లచ్చయ్య, లింగమూర్తి మంచిర్యాల చేరేసరికి రాములును మిల్లు గేటు పక్కన వేపచెట్టు కింద గడ్డి మీద పడుకోబెట్టి ఉంచారు. పంచనామా అప్పటికే అయిపోయింది.

పవర్‌హౌసు ఇంజనీరు మురహరిరావు వాళ్ల దగ్గరికి వచ్చాడు. ఇంజనీరనేది మిల్లు పెట్టిన పేరు, పట్టా ఏమీ లేదు. బొంబాయిలో పని నేర్చుకుని వచ్చిన మనిషి. నెమ్మదిగా మాట్లాడతాడు. ఆ రోజు కూడా నెమ్మదిగానే మాట్లాడి, ఉర్దూలో రాసిన ఒక కాగితం చదువుకున్న పిల్లవాడని లింగమూర్తి చేతికిచ్చాడు. చదివి మీ వాళ్లకు చెప్పమన్నాడు.

లింగమూర్తి ఉర్దూ మీడియం విద్యార్థి. తరగతిలో మొదటివాడు. గేటు దగ్గర చేరిన జనమంతా వింటుండగా గొంతెత్తి చదివాడు. వైర్‌మన్ రాములు నషాలో ఉండి, ఫ్యూజు తీయకుండా, ఎవరి అనుమతీ లేకుండా స్తంభం ఎక్కి, తన తప్పుతోనే మరణించాడని అందులో ఉంది.

"నషా అంటే ఏంది బిడ్డా?" అని శంకరవ్వ అడిగింది.

"తాగి ఉన్నడని అవ్వా."

"మెడల మాల ఉన్నది గదరా."

"కాయిదంల రాసున్నదవ్వా" అన్నాడు లింగమూర్తి.

ఆ మాట అన్నది ఎవరో కాదు, అన్న రెక్కల కష్టం మీద చదువుకున్న తమ్ముడు. రాసిన కాగితం అబద్ధం చెబుతుందని ఆ వయసులో వాడికి తెలియదు. అంత చక్కటి దస్తూరీ, కింద సంతకం, ముద్ర. అన్నే తప్పు చేసి ఉంటాడని నమ్మాడు. మాల వేసుకుని దొంగతనంగా తాగేవాడేమో అని కూడా అనుకున్నాడు. ఈ ముక్క దాచి కథ చెప్పవచ్చు గానీ, దాస్తే ఆ తర్వాత ఆయన పడ్డ మంట మీకు అర్థం కాదు.

సాయంత్రం పొద్దు ఉండగానే గోదావరి ఒడ్డున దహనం చేశారు. ఖాకీ చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. విప్పడానికి ఎవరికీ చేయి రాలేదు. పైనుంచే నీళ్లు పోసి, కొత్త బట్ట చుట్టి, అలాగే కాష్ఠం మీద పెట్టారు. మూడోనాడు ఎముకలు ఏరడానికి వెళితే బూడిదలో పిడికెడంత పింగాణీ దిమ్మ ఒకటి దొరికింది. మసిబారి ఉంది, దానికి రెండు రాగి నాలుకలు ఉన్నాయి. లింగమూర్తి దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏమిటో తెలియలేదు. వాళ్ల ముగ్గురిలో ఎవరి ఇంట్లోనూ నూనె దీపమే తప్ప కరెంటు లేదు.

"కాట్లె దొరికింది ఇంటికి తేవొద్దు బిడ్డా" అన్నాడు లచ్చయ్య. "వానితోని వచ్చింది వానితోనే పోవాలె."

అది మాలో ఆచారం. కాటి నుంచి పుల్ల కూడా ఇంటికి రాకూడదు. లింగమూర్తి ఎముకలతోపాటు ఆ దిమ్మను కూడా బట్టలో మూటగట్టి, మొలలోతు నీళ్లలో దిగి, తన చేతులతో గోదావరిలో వదిలాడు.

సిరిసిల్లలో శంకరవ్వ బతుకు ఆ తర్వాత బతుకు కాదు. అత్త కొట్టినందుకు కాదు తోడికోడలు నవ్వినందుకు ఏడ్చినట్టు, కొడుకు పోయిన దుఃఖం కన్నా వాడకట్టు నవ్వు ఎక్కువ పొడిచింది. "మాలేసుకున్న భక్తుడు కల్లు కుండల పడి సచ్చిండట" అని నీళ్ల బావి దగ్గర అనేవారు, ఆమెకు వినిపించేలాగానే అనేవారు. ఆమె జవాబు చెప్పేది కాదు. బావికి పోవడం మాత్రం మానేసి, రెండు వీధులు దాటి వేరే బావి నుంచి నీళ్లు మోసుకునేది.

లింగమూర్తి మెట్రిక్ పాసై, స్కాలర్‌షిప్పు మీద హైదరాబాదు పోయి, ఇంజనీరింగులో చేరాడు. ఎలక్ట్రికల్ ఎందుకు తీసుకున్నావని అడిగితే చెప్పలేకపోయేవాడు. అన్న తప్పు ఏమిటో తెలుసుకుందామనే ఉండి ఉంటుంది. అప్పటికి చదువు ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారిపోయింది. తరగతిలో మొదటివాడు ఒక్కసారిగా చివరి బెంచీకి చేరి, నిఘంటువు పక్కన పెట్టుకుని, పళ్లు కరుచుకుని మళ్లీ పైకి పాకాడు.

ఒకరోజు ల్యాబులో ముసలి ఇన్‌స్ట్రక్టరు ఒకాయన బోర్డు నుంచి ఫ్యూజు పీకి అతని చేతిలో పెట్టాడు. "ఇది చూడు బాబూ. స్తంభం ఎక్కేవాడు ముందు దీన్ని పీకి జేబులో వేసుకుంటాడు. ఇక ఆ లైనుకు ప్రాణం పోయాలంటే వాడు కిందికి దిగి రావలసిందే. పైనున్నవాడి ప్రాణం వాడి జేబులోనే ఉండాలి."

లింగమూర్తి చేతిలో ఉన్నది పిడికెడంత పింగాణీ దిమ్మ. రెండు రాగి నాలుకలు.

ఆయన బయటికి వచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. అన్న ఫ్యూజు తీశాడు. తీసి జేబులో వేసుకున్నాడు. తాగినవాడు ఆ పని చేయడు. అన్న పైన ఉండగా ఎవరో ఫ్యూజు స్థానంలో ఉత్త తీగ ముక్క కట్టి లైను వేశారు. వేసినవాడే, ఫ్యూజు తీయలేదనీ తాగి ఉన్నాడనీ కాగితం రాశాడు. ఆ పవర్‌హౌసులో లైను వేసే చేయి ఒక్కటే, మురహరిరావుది. ఆ కాగితం అబద్ధమని చూపించే ఒకే ఒక్క సాక్ష్యాన్ని లింగమూర్తి తన చేతులతో గోదావరి పాలు చేశాడు.

ఆ వారమే మంచిర్యాల పోయాడు. అదే ఒడ్డున నిలబడి నీళ్లలోకి చూశాడు. దిగి వెతకాలనిపించింది, మూడేళ్ల వరదలు పోయిన నదిలో. అంత పిచ్చెక్కింది. మిల్లు గేటు దగ్గరికి పోతే మురహరిరావు లోపల నుంచి బయటికి వచ్చి, ఎవరో నమస్కారం పెడితే తల పంకించి, జట్కా ఎక్కి వెళ్లిపోయాడు. పీక పిసికేద్దామనుకున్నాడు లింగమూర్తి. పిసికితే ఏమవుతుంది? తాగి చచ్చినోని తమ్ముడు హంతకుడని ఇంకో కాగితం రాస్తారు. శంకరవ్వ ఇంకో బావి వెతుక్కోవాలి.

అక్కడే, ఆ రోడ్డు మీదే నిశ్చయించుకున్నాడు. మురహరిరావు తన ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. రాములు తాగలేదని తన నోటితో చెప్పాలి. సిరిసిల్లలో, పదిమంది వింటుండగా, అవ్వ బతికి ఉండగా చెప్పాలి. కావలసింది అంతే. అంతకు తక్కువైతే ఒప్పుకోడు.

ఆయన జీవిత చరిత్ర రాసేవాళ్లు, రాస్తే గీస్తే, మొదటి తరగతిలో పాసయ్యాడనీ, లెక్చరర్ అయ్యాడనీ, బెంగుళూరులో పరిశోధన చేశాడనీ, ముప్పై రెండేళ్లకే ప్రొఫెసర్ అయ్యాడనీ రాస్తారు. అన్నీ నిజాలే. లైనులో తప్పు జరిగితే కరెంటును ఎంత త్వరగా ఆపవచ్చు అనే విషయం మీద ఆయన రాసిన వ్యాసాలను ఎక్కడెక్కడి వాళ్లో మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. ఆ ఉత్తరాలను ఆయన బల్ల సొరుగులో పడేసేవాడు. మంచిర్యాల నుంచి ఎవరైనా వస్తే మాత్రం కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, తిప్పి తిప్పి ఆ మిల్లు కబుర్లే అడిగేవాడు. మురహరిరావుకు జ్వరమొచ్చిందంటే కంగారుపడేవాడు, ఎక్కడ తప్పించుకుపోతాడోనని. "మీరు నాతోని కన్న ఆ మురహరిరావుతోనే ఎక్కువ కాపురం చేసిండ్రు" అని భార్య నర్మద ఒకసారి అన్నది. నవ్వుతూ అనలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి పదేళ్లు దాటాక కరీంనగర్‌లో సాంకేతిక కళాశాల పెడతామన్నారు. హైదరాబాదులో సౌఖ్యంగా ఉన్న ప్రొఫెసర్లెవరూ ఆ దుమ్ములోకి పోవడానికి ఒప్పుకోలేదు. లింగమూర్తి ఎవరూ అడగకముందే అర్జీ పెట్టాడు. మతి పోయిందని తోటివాళ్లు నవ్వారు. మతి ఎక్కడికీ పోలేదు. పట్టా లేని పాత మిల్లు ఇంజనీర్లంతా ఇక సూపర్‌వైజరు లైసెన్సు పరీక్ష పాస్ కావాలనీ, లేకపోతే కొలువు వదులుకోవాలనీ అప్పుడే హుకుం వచ్చింది. కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల వాళ్లకు ఆ పరీక్ష పెట్టేది ఈ కొత్త కళాశాల ప్రిన్సిపాల్. పాము పగ పన్నెండేళ్లంటారు. పాముకు చదువు లేదు కాబట్టి పన్నెండేళ్లతో సరిపెట్టుకుంది.

1967లో, ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం మురహరిరావు ఆయన గదిలోకి వచ్చాడు. యాభై అయిదేళ్లు, బట్టతల, చేతిలో పాత సర్టిఫికెట్ల ఫైలు. రాత పరీక్ష మంచి మార్కులతో పాసయ్యాడు. ఇక మిగిలింది నోటి పరీక్ష. లింగమూర్తి కూర్చోమనలేదు. బల్ల మీది పేరు చూసినా మురహరిరావుకు ఏమీ తట్టలేదు. కూలివాడి ఇంటి సంగతులు ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

మోటార్ల గురించి, ఎర్తు తీగ గురించి అడిగాడు. మురహరిరావు తడుముకోకుండా చెప్పాడు. చింత చచ్చినా పులుపు చావలేదు. అప్పుడు లింగమూర్తి పెన్ను మూత పెట్టి, ఇంగ్లీషు వదిలి, మా మాటలోకి దిగాడు.

"స్తంభం మీద మనిషున్నడు. బోర్డు మీద ఫ్యూజు లేదు. ఏడ ఉంటది?"

"ఎక్కినోని జేబుల సార్. అదే రూలు."

"మిల్లు ఆగిపోయింది. సేటు ఒర్రుతున్నడు. ఇంజనీరు ఏం చెయ్యాలె?"

"ఆగాలె సార్. మనిషి దిగి వచ్చి ఫ్యూజు చేతికిచ్చేదాక ఆగాలె."

"ఆగకుంటే?"

మురహరిరావు నుదుట చెమట పట్టింది. "ఆగకుంట ఎట్ల సార్?"

"గట్లనే. తీగె ముక్క కట్టి లైను ఏసిండు అనుకో. మీద మనిషి సచ్చిండు. ఇంజనీరు కాయిదంల ఏమని రాయాలె?" కొంచెం ఆగి, ఆయనే ఉర్దూలో చెప్పాడు. పద్దెనిమిదేళ్ల కిందటి ఆ వాక్యాన్ని ఒక్క అక్షరం తప్పకుండా, నషా దగ్గర మొదలుపెట్టి తన తప్పుతోనే మరణించాడు అనేదాకా అప్పజెప్పాడు.

మురహరిరావు బల్ల అంచు పట్టుకున్నాడు. "మీరు... మీది సిరిసిల్లనా?"

"రాములు తమ్ముణ్ని."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. అప్పుడు మురహరిరావు అడిగిన ప్రశ్న ఏమిటో తెలుసా? క్షమించమని కాదు.

"ఆ ఫ్యూజు మీకాడ ఉన్నదా సార్? చొక్క ఒంటికి అతుక్కపోయి జేబుల చెయ్యి పెట్టరాలే, నేను స్తంభం కింద, గడ్డిల, అంతట దేవులాడిన. ఎన్నడో ఒకనాడు అది పట్టుకొని వస్తరని, ఏండ్లకేండ్లు గేటు కాడ కొత్త మనిషి కనవడితే నాకు నిద్ర పట్టకపోయేది."

"ఉన్నది" అన్నాడు లింగమూర్తి. ఆయన నోట అబద్ధం రావడం అరుదు. ఆ అబద్ధం చెప్పినప్పుడు మాత్రం ఒళ్లంతా చల్లబడ్డట్టు హాయిగా ఉందని తర్వాత నర్మదతో చెప్పాడు.

మురహరిరావు ఏడ్చాడు. ముగ్గురు ఆడపిల్లలున్నారనీ, కొలువు పోతే వీధిన పడతాననీ అన్నాడు. లింగమూర్తి విన్నాడు. ఏడుపు మొత్తం అయ్యేదాకా, తొందరపడకుండా, మంచి సంగీతం విన్నట్టు విన్నాడు. తర్వాత బేరం చెప్పాడు.

"ఆదివారం సిరిసిల్లకు రా. మా వాడల, మా అవ్వ ముంగట, పదిమంది ఇనేటట్టు చెప్పు, మా అన్న తాగలేదని. సోమవారం నీ లైసెన్సు కాయిదం మీద దస్తకతు పెడత. మాటంటే మాటే."

లింగమూర్తి మాట ఇస్తే తప్పడని రెండు జిల్లాల్లో పేరు. మురహరిరావు చేతులు జోడించి వెళ్లాడు.

ఆదివారం పదకొండు గంటల బస్సుకు వచ్చాడు. లింగమూర్తి ముందే వచ్చి, అరుగు మీద చాప వేయించి, వాడకట్టును పిలిపించాడు. మగ్గాలు ఆగాయి. నీళ్ల బావి దగ్గర నవ్విన ఆడవాళ్లలో బతికున్నవాళ్లంతా వచ్చారు. ఒకామెను నడవలేనంటే మంచం మీద మోయించుకొచ్చాడు. అంతటి కసి ఆయనది. శంకరవ్వ గడప దగ్గర కండెలు చుడుతూ కూర్చుని ఉంది. డెబ్బై దగ్గర పడ్డా చేతులు ఊరుకోవు. కొడుకు క్వార్టర్సుకు రమ్మంటే రాలేదు, ఈ ఇల్లు విడిచిపెట్టలేదు.

మురహరిరావు నిలబడ్డాడు. రాములు తాగలేదనీ, ఫ్యూజు తీసే ఎక్కాడనీ, తీగె ముక్క కట్టి లైను వేసింది తానేననీ, కాగితంలో రాసింది అబద్ధమనీ చెప్పాడు. వెనక ఉన్నవాళ్లకు వినిపించలేదని లింగమూర్తి మళ్లీ చెప్పించాడు. రెండోసారి చెబుతున్నప్పుడు వాడకట్టులో తలలు వంగాయి. లచ్చయ్య పైగుడ్డతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. లింగమూర్తి తల్లి ముఖం వైపు చూశాడు. పదిహేనేళ్లుగా ఆ ముఖంలో ఈ ఒక్క గడియ చూడాలనే బతికాడు.

శంకరవ్వ రాట్నం ఆపలేదు.

"నా కొడుకు తాగలేదని నాకు ఎరుకలేదా?" అన్నది. "గిది చెప్పెతందుకా బస్సెక్కి వచ్చినవ్?"

ఆమె రాట్నం ఆపి, మురహరిరావును దగ్గరికి రమ్మని చేయి ఊపింది. అతను వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నువ్వు ఆడనే ఉన్నవ్ గద. నా కొడుకును కరెంటు పట్టినంక ఎంతసేపున్నడు? ఏమన్నడు? ఇన్నేండ్ల సంది అడుగుదామంటే నాకు ఎవ్వరు దొరకలే."

లింగమూర్తి ఉలిక్కిపడ్డాడు. ఇంత చదివాడు, ఇంత తవ్వాడు, ఆ ప్రశ్న ఆయనకు ఒక్కనాడూ తోచలేదు. ఫ్యూజు తోచింది, కాగితం తోచింది, ఊరి నవ్వు తోచింది. అన్న ఎలా పోయాడన్నది తోచలేదు.

"ఒర్రిండు అవ్వా" అన్నాడు మురహరిరావు. నేల చూస్తూ చెప్పాడు. అబద్ధం చెప్పే ఓపిక కూడా అతనిలో అయిపోయినట్టుంది. "'సారూ, బంద్ చెయ్యిండ్రి' అని ఒర్రిండు. రెండుసార్లు ఒర్రిండు. తర్వాత నిన్ను పిలిచిండు."

"ఇనవడ్డదా నీకు?"

"ఇనవడ్డది."

"మరి బంద్ చేసినవా?"

"దూది ప్రెస్సు సగం దిగి ఉండె అవ్వా. సగంల ఆపితే బేలు కరాబైతదని, సేటు పక్కనే నిలవడి ఉండె. అది కిందిదాక దిగినంక బంద్ చేసిన."

వాడకట్టులో ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. లింగమూర్తి లేచాడు. దూదిని బేలుగా, గట్టి మూటగా నొక్కే ప్రెస్సు కిందికి దిగడానికి ఎంతసేపు పడుతుందో ఆయనకు తెలుసు, మనిషి గుండె ఎంతసేపట్లో ఆగుతుందో కూడా తెలుసు. ఆపితే అన్న బతికేవాడు. ఫ్యూజు తప్పు కాదు, తీగె తప్పు కాదు, అన్న పిలుస్తుండగా ఈ మనిషి చేయి స్విచ్చు మీద పెట్టుకుని నిలబడి చూశాడు. ఆయన మురహరిరావు మెడ మీద చేయి వేశాడు. ఆ చేయి ఏం చేసేదో ఎవరూ చెప్పలేరు. శంకరవ్వ "లింగం, కూసో" అన్నది. కూర్చున్నాడు.

ఆమె మురహరిరావు ముఖంలోకి చాలాసేపు చూసింది. ఏడవలేదు, తిట్టలేదు, మన్ను ఎత్తిపోయలేదు. ఈ మనిషి ఏం ఆశించి ఇంతదూరం వచ్చి ఈ మాటలు చెప్పుకుంటున్నాడో ఆమెకు ఎవరూ చెప్పలేదు. అయినా ముసలిదానికి అర్థమైంది.

"గీయన నీకాడికి ఏదో కాయిదం కోసం వచ్చినట్టున్నడు" అని కొడుకుతో అన్నది.

"అవునవ్వా. మల్ల కరెంటు పని చేసెతందుకు. ఇస్తనని మాటిచ్చిన."

"ఇయ్యకు."

"అవ్వా, మాటిచ్చిన."

"నీ మాట పెద్దదా, మీద ఎక్కేటోని పానం పెద్దదా? గీని చేతుల మల్ల కరెంటు పెడితే ఇంకో అవ్వ నా లెక్క కూసుంటది. ఇయ్యకు బిడ్డా."

అని రాట్నం మళ్లీ తిప్పడం మొదలుపెట్టింది. మురహరిరావు లేచి, ఎవరి ముఖమూ చూడకుండా, బస్సు స్టాండు వైపు నడిచాడు. నీళ్లు తాగుతావా అని కూడా ఎవరూ అడగలేదు.

సోమవారం పొద్దున లింగమూర్తి ఆఫీసుకు వెళ్లి మురహరిరావు ఫైలు తెరిచాడు. మార్కులన్నీ పాసుకు సరిపోను ఉన్నాయి. వాటి కింద "కరెంటు పనికి తగడు" అని రాసి దస్తకతు పెట్టాడు. రెండు జిల్లాల్లో మాట తప్పని మనిషిగా పేరున్న ఆయన మాట తప్పింది ఆ ఒక్కసారే. దాని గురించి ఎవరైనా అడిగితే దాచేవాడు కాదు, మా అవ్వ ఇయ్యద్దన్నది అని చెప్పేవాడు.